ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు యోగా: మొదటి తరగతికి ముందే పడాల్సిన జాగ్రత్తలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు యోగా నేర్పబోయే ఉపాధ్యాయులు ముందుగా అడిగేది ఏ ఆసనాలు చేయించాలని. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏవి చేయించకూడదో, ఎవరితో చేయించకూడదో ముందు తేలాలి. మిగతా పిల్లలైతే నొప్పి పుట్టగానే ఆపేస్తారు. వీరిలో చాలామంది చెప్పలేరు. కొందరికి ఆ నొప్పి తెలియనే తెలియదు. ఇంకొందరు మాస్టారు మెచ్చుకోవాలని పళ్ల బిగువున ఓర్చుకుంటారు.

చేర్చుకునే రోజే తల్లిదండ్రులతో తీరిగ్గా కూర్చోండి. ‘ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా?’ అని ఒక్క ముక్కలో అడిగితే ‘ఏమీ లేవండీ’ అనే జవాబే వస్తుంది. ఏళ్ల తరబడి కలిసి బతికిన ఇబ్బంది వాళ్లకు సమస్యగా తోచదు మరి. అందుకే విడివిడిగా అడగాలి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, చివరిసారి ఎప్పుడు? గుండెకు ఆపరేషన్ జరిగిందా? తలలో నీరు చేరి షంట్ (ఆ నీటిని మళ్లించే సన్నని గొట్టం) వేశారా? ఏ మందు ఏ వేళకు ఇస్తున్నారు? ఏ శబ్దం, ఏ వాసన పడదు? అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘నొప్పి కలిగితే మీ బిడ్డ ఏం చేస్తాడు?’ ఒకడు చెయ్యి కొరుక్కుంటాడు, ఒకడు పకపకా నవ్వుతాడు, ఒక పాప ఉన్నట్టుండి మాట ఆపేస్తుంది. ఈ జవాబు పిల్లల పేర్ల పక్కనే రాసి పెట్టుకోండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను చూసి కొత్తగా వచ్చిన యోగా మాస్టార్లు మురిసిపోతారు. ఎలా వంచితే అలా వంగుతారు, అవలీలగా పాదాన్ని నుదుటికి ఆనిస్తారు. అది సాధన వల్ల వచ్చింది కాదు. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉండటం, కండరాల బిగువు తక్కువగా ఉండటం దానికి కారణం. ఆ వదులే మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య కూడా ఉండవచ్చు. అక్కడ ఎముక జరిగితే నలిగేది వెన్నుపాము. అందుకని శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, మత్స్యాసనం, పిల్లిమొగ్గలు వీరికి పూర్తిగా మానేయండి. మెడను గుండ్రంగా తిప్పించడం, తలను వెనక్కి వేలాడేయించడం కూడా వద్దు. ఎక్స్‌రే బాగానే ఉందన్న ధీమా పనికిరాదు. ఎక్స్‌రేలో తేడా కనిపించని పిల్లలకూ తర్వాత ఇబ్బంది రావచ్చు. పైగా వీరిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది కాబట్టి ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి పోవద్దు. వీరికి కావలసింది వంపు కాదు, బలం. తాడాసనం, గోడను ఆనుకొని వృక్షాసనం వంటివి మోకాళ్లు వెనక్కి బిగుసుకోకుండా కాస్త వదులుగా ఉంచి చేయించండి.

ఫిట్స్ ఉన్న పిల్లల విషయంలో ముప్పు ఆసనం కన్నా ప్రాణాయామంలోనే ఎక్కువ. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష చేసేటప్పుడు పిల్లలను సుమారు మూడు నిమిషాల పాటు గట్టిగా, వేగంగా ఊపిరి తీసి వదలమంటారు. చూపు కొన్ని క్షణాలు నిలిచిపోయే రకం ఫిట్స్ ఉంటే అలా బయటపడతాయని! కపాలభాతి, భస్త్రిక చేయించినప్పుడు మనం చేసేదీ ఇంచుమించు అదే. మెల్లగా తీసి, ఇంకా మెల్లగా వదిలే ఊపిరి చాలు. రెపరెపలాడే దీపాన్ని రెప్ప వాల్చకుండా చూసే త్రాటకం, మిణుకుమనే రంగు లైట్లు కూడా వద్దు.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లల దగ్గర ప్రమాదం మన చేతుల్లోంచే వస్తుంది. బిగుసుకున్న కండరాన్ని ఎంత వేగంగా లాగితే అది అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. పశ్చిమోత్తానాసనంలో బిడ్డ మోకాళ్లు పైకి లేస్తుంటే అరచేత్తో అదిమిపెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. అదమకండి. మోకాళ్ల కింద దుప్పటి చుట్టి పెట్టండి, కాళ్లు వాటంతట అవే వదులయ్యే దాకా ఆగండి. బద్ధకోణాసనంలోనైతే మరీ జాగ్రత్త, తుంటి కీలు అప్పటికే పక్కకు జరిగి ఉండవచ్చు. నడవని పిల్లల ఎముకలు బరువు మోయక పలచబడతాయి. మనకు మామూలుగా అనిపించే లాగుడుకే విరగవచ్చు. ఫిజియోథెరపిస్టును కలిసి ఏ కీలు ఎంతవరకు కదపవచ్చో తెలుసుకోండి. వెనకనుంచి చప్పట్లు, ఈలలు కూడా మానండి. ఉలిక్కిపడితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది.

ఆటిజం ఉన్న పిల్లల తరగతికి సగం సన్నాహం గదిలోనే ఉంది. గిర్రున శబ్దం చేసే ఫ్యాను, అగరుబత్తి వాసన, గరుకు చాప, వీటిలో ఏదో ఒకటి చాలు తరగతి చెదిరిపోవడానికి. ‘పువ్వులా విచ్చుకో’ అనే కవిత్వం ఇక్కడ పనిచేయదు. ‘చేతులు పైకి’ అనండి, బొమ్మ చూపించండి, రోజూ అదే వరుస పాటించండి. కళ్లు మూసుకోమని బలవంతపెట్టవద్దు. చెప్పకుండా తాకవద్దు. ఊగుతున్నా, చేతులు ఆడిస్తున్నా ఆపనక్కర్లేదు, తనను తాను సముదాయించుకునే దారి అది. తలుపు దగ్గర మాత్రం ఒక పెద్దమనిషి తప్పక ఉండాలి. చటుక్కున బయటికి పరుగెత్తే పిల్లలు ఉంటారు.

మిగతావి క్లుప్తంగా. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లల్లో చాలామందికి లేటెక్స్ రబ్బరు పడదు. ఊపిరి ఆటలకు బెలూన్లు, సాగే రబ్బరు పట్టీలు తేవద్దు. వీరికి కాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి నేల వేడి, చర్మం ఒరుసుకుపోవడం మీరే చూసుకోవాలి. తలలో షంట్ ఉన్నా, గ్లకోమా లేదా రెటీనా సమస్య ఉన్నా తలకిందులు చేసే ఆసనాలు వద్దు. వినికిడి లోపం ఉన్న బిడ్డను కళ్లు మూయమంటే మీ సూచనలన్నీ అక్కడితో ఆగిపోతాయి. కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ వ్యాధి ఉన్నవారిని అలసిపోయేంతగా చేయించకూడదు. ‘ఇంకొక్కసారి’ అనే మాట ఆ పిల్లల దగ్గర మరచిపోండి.

అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 నుంచి ఏటా జూన్ 21న జరుగుతోంది. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ పిల్లలను వేదిక ఎక్కించాలనే ఉబలాటం పెద్దల్లో మొదలవుతుంది. ఇది నాకు బొత్తిగా నచ్చని పని. మైకుల హోరు, కొత్త చోటు, గంటల తరబడి నిరీక్షణ, మందు వేళ తప్పడం, చప్పట్ల కోసం ఓపికకు మించి వంగడం, ఇవన్నీ ఒకే రోజు మీద పడతాయి. చూడాలనుకున్నవారే రోజూ జరిగే గదికి వచ్చి చూస్తే సరిపోతుంది.

తరగతిలో మీతో పాటు ఇంకొకరు ఎప్పుడూ ఉండాలి. పిల్లవాడికి ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్న వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కదలకుండా అదిమిపట్టవద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. వెంటనే గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి వెంటనే ఇంకొకటి వచ్చినా, ఊపిరి సరిగా ఆడకపోయినా అంబులెన్సును పిలవాల్సిందే. రెండో మనిషి ఈలోగా మిగతా పిల్లలను పక్క గదికి తీసుకెళ్తారు.

కొన్ని సంగతులు తరగతి అయిపోయాకే తెలుస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ మెడ నొప్పి అన్నా, తల ఒక పక్కకు వాల్చి ఉంచుతున్నా, నడక తడబడుతున్నా, చేతి పట్టు తగ్గినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఆ రోజే డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి. డాక్టరు సరేనని రాసిచ్చే వరకు ఆ బిడ్డను తరగతికి పంపవద్దనండి.