లీవర్ రైఫిల్ తూటాల రీలోడింగ్ – 3వ పాఠం: కేస్ పరీక్ష, ట్రిమ్మింగ్, క్రింప్

పోయిన పాఠంలో లీవర్ రైఫిల్ (కింద ఉన్న పిడి తిప్పితే తూటా లోడయ్యే తుపాకీ) పని చూసుకున్నాం. బ్యారెల్ మీద చెక్కిన కాలిబర్ పేరు చదివాం, గన్‌స్మిత్‌కి చాంబర్ (కాల్చేటప్పుడు తూటా కూర్చునే చోటు) చూపించాం. ఈసారి ఇత్తడి కేస్ సంగతి, అంటే కాల్చాక మిగిలే తూటా గుల్లని మళ్లీ నింపడానికి సిద్ధం చేయడం. ఈ పాఠం అయ్యేదాకా పౌడర్ డబ్బా, ప్రైమర్ల (కేస్ అడుగున కూర్చుని పౌడర్‌ని అంటించే చిన్న మూతల) పెట్టె బల్ల మీదకి రావక్కర్లేదు, వాటిని అల్మరాలోనే ఉంచండి.

మొదట చట్టం గురించి రెండు మాటలు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటని నిషేధించింది. తూటా తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. అందుకే ఈ పాఠాలు అమెరికాలో చట్టప్రకారం వేటకెళ్లే మనవాళ్ల కోసం. అక్కడ కూడా హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరం. ఆ కాగితం చేతికొచ్చాకే మిగతా పని.

పాఠానికి ఉదాహరణగా థర్టీ-థర్టీ వించెస్టర్‌ని తీసుకుంటున్నాను. జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1894 మోడల్ రైఫిల్ కోసం ఈ తూటా 1895లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికీ తెల్లతోక జింకల వేటలో దీనికి గౌరవం తగ్గలేదు. పెన్సిల్వేనియాలో జింకల వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదని నియమం ఉండటంతో, తాతల నాటి లీవర్ రైఫిళ్లు అక్కడ ఇంకా అడవికి వెళ్తూనే ఉన్నాయి.

ఈ రైఫిల్లో కేస్ ఎందుకు సాగుతుందో తెలిస్తే మిగతా పాఠమంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1894 మోడల్లో బోల్ట్‌ని (కేస్‌ని వెనక నుంచి మూసి ఉంచే దిమ్మని) పట్టి ఉంచే లాక్, దాని వెనక వైపు ఉంటుంది. తూటా పేలగానే కేస్ ముందు భాగం ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుంటుంది. వెనక భాగం మాత్రం బోల్ట్‌ని నెడుతుంది. బోల్ట్, రిసీవర్ (బోల్ట్ ఇమిడి ఉండే రైఫిల్ చట్రం) కలిపి వెంట్రుకవాసి కదిలినా, కేస్ అంతమేరకు సాగాల్సిందే. ఆ సాగుడంతా అడుగుకి కాస్త పైన, గోడ పలచబడే చోట జరుగుతుంది. ఒకే కేస్‌ని పదే పదే వాడితే అక్కడే చిట్లుతుంది. కేస్ రెండు ముక్కలైతే వేడి గ్యాస్ వెనక్కి తన్ని మొహం మీదకి రావచ్చు.

కాబట్టి ముందు కేసుల్ని శుభ్రంగా తుడిచి, వెలుతురులో ఒక్కోటీ తిప్పి చూడండి. అడుగు నుంచి అర సెంటీమీటరు, ముప్పాతిక సెంటీమీటరు పైన చుట్టూ మెరిసే గీత కనబడితే అనుమానించాలి. ఇప్పుడు ఒక పేపర్ క్లిప్‌ని సాగదీసి, కొనని కొంచెం వంచి కొక్కెంలా చేయండి. ఆ కొనని కేస్ లోపలి గోడకి ఆనించి అడుగు నుంచి పైకి మెల్లగా లాగండి. గోడ బాగుంటే కొన నున్నగా జారుతుంది. పలచబడిన చోట చిన్న గాడిలో పడి తట్టుకుంటుంది. ఆ తట్టు తెలిస్తే ఇంకోసారి వాడదామని ఆశపడకండి. ప్లయర్‌తో మూతి నలిపేసి పారేయండి, అప్పుడు మళ్లీ మంచివాటిలో కలవదు. మూతి దగ్గర పగులున్నా, ప్రైమర్ గుంట వదులైనా అంతే.

సైజింగ్ డైని (కాల్చి ఉబ్బిన కేస్‌ని మళ్లీ సైజుకి నొక్కే అచ్చుని) మొదటిసారే షెల్ హోల్డర్‌కి (కేస్ అడుగుని పట్టుకునే ముక్కకి) తగిలేదాకా దింపొద్దు. థర్టీ-థర్టీకి రిమ్ (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) ఉంది కాబట్టి చాంబర్లో అదే ఆపుతుంది. భుజాన్ని (కేస్ మూతి వైపు సన్నబడే వాలుని) అవసరానికి మించి వెనక్కి నెడితే, తర్వాతి కాల్పులో కేస్ అంతదూరం మళ్లీ సాగుతుంది. రూపాయి బిళ్ల మందమంత సందు వదిలి మొదలుపెట్టండి. పలచగా లూబ్ రాసి సైజ్ చేసి, తుడిచి, ఆ ఖాళీ కేస్‌ని రైఫిల్లో పెట్టి లీవర్ మూయండి. బిగువుగా ఉంటే డైని ఇంకాస్త దింపండి. ఏ బలమూ పెట్టకుండా లీవర్ మూసుకున్న చోట డైని బిగించేయండి. లీవర్ రైఫిల్‌కి బిగువు తూటాని లోపలికి నెట్టే శక్తి తక్కువ. జింక ఎదురుగా నిలబడ్డప్పుడు లీవర్ మూసుకోకపోతే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు.

సైజ్ చేశాక కాలిపర్‌తో పొడవు కొలవండి. గరిష్ఠం 2.039 అంగుళాలు. ట్రిమ్ చేసేటప్పుడు (మూతి కత్తిరించి పొడవు తగ్గించేటప్పుడు) 2.029కి తెస్తే సరి. హద్దు దాటినవాటినే కాకుండా మొత్తం బ్యాచ్‌ని ఒకే పొడవుకి తేవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే క్రింప్ (కేస్ మూతిని బుల్లెట్ మీదకి మడవడం) దీని మీదే ఆధారపడుతుంది. ట్రిమ్ అయ్యాక మూతి లోపల, బయట అంచుల గరుకు తీయండి.

ఇక క్రింప్. ఈ రైఫిళ్లలో తూటాలు గొట్టంలాంటి మ్యాగజైన్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బుల్లెట్ (తూటా ముందుండి ఎగిరిపోయే భాగం) మొన, ముందున్న తూటా ప్రైమర్‌కి ఆనుతుంది. అందుకే చదును మూతి బుల్లెట్లు, లేదా గొట్టం మ్యాగజైన్‌కని ప్రత్యేకంగా చేసిన మెత్తని మొన ఉన్నవే వాడాలి. మామూలు సూదిమొన పెడితే, రీకాయిల్ దెబ్బకి మ్యాగజైన్లోనే పేలే ప్రమాదం ఉంది. స్ప్రింగ్ ఒత్తిడి, రీకాయిల్ కలిసి బుల్లెట్‌ని కేస్ లోపలికి నెడతాయి కూడా. అలా దిగితే లోపల జాగా తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. దాన్ని ఆపడానికే కేస్ మూతిని బుల్లెట్ చుట్టూ ఉన్న గాడిలోకి మడుస్తాం. కేస్ పొట్టిదైతే మడత సరిగా పడదు. పొడుగుదైతే మూతి ఎక్కువ నొక్కుకుపోయి భుజం ఉబ్బుతుంది, ఆ తూటా చాంబర్లోకి పోదు.

అభ్యాసానికి ఐదు డమ్మీలు చేయండి. ప్రైమర్ లేదు, పౌడర్ లేదు. కేస్ పక్కన చిన్న రంధ్రం వేయండి, ఎవరు చూసినా డమ్మీ అని తెలియాలి. 150 లేదా 170 గ్రెయిన్ల చదును మూతి బుల్లెట్ దించి, విడిగా క్రింప్ చేయండి. మొత్తం పొడవు 2.550 అంగుళాలు దాటకూడదు. పొడవు రాసుకుని, బుల్లెట్ మూతిని చెక్కబల్లకి ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి మళ్లీ కొలవండి. తగ్గిందంటే క్రింప్ చాల్లేదు. తగ్గకపోతే, అసలు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, ఐదింటినీ మ్యాగజైన్లో వేసి లీవర్ తిప్పండి. ఐదూ తట్టకుండా చాంబర్లోకి వెళ్లి బయటికి రావాలి. వచ్చాక మళ్లీ పొడవు కొలవండి.

పౌడర్ తూకం వచ్చే పాఠంలో. ఈలోగా మీరు వాడబోయే పౌడర్ కంపెనీ ఈ ఏడాది ఇచ్చిన లోడ్ డేటా తెప్పించుకుని, థర్టీ-థర్టీ పేజీలో మీ బుల్లెట్ బరువుకి రాసిన ప్రారంభ లోడ్ దగ్గర గుర్తు పెట్టుకోండి.