ఇంట్లోనే కారు టైర్ల గాలి కరెక్టుగా చూసుకోవడం ఎలా?

టైర్లో గాలి ఎంతుందో చూడాల్సింది పొద్దున్నే ఇంటి ముందు, బండి స్టార్ట్ చేయకముందు. రణస్థలం నుంచి శ్రీకాకుళం దాకా హైవే మీద నడిపారంటే టైర్లు వేడెక్కి గాలి కొలిచే గేజ్‌లో మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది, అది నిజమనుకుంటే చల్లారాక గాలి తక్కువే ఉంటుంది. కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండికే చూడండి, ఒకవైపు టైర్లకు ఎండ తగలకముందే.

ఎంత ఉండాలో ముందు తెలియాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, కొన్ని బండ్లకు పెట్రోల్ ట్యాంకు మూత లోపల. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని పట్టుకుని గాలి కొట్టించకండి. గాలి ఒత్తిడిని మనం మామూలుగా పీఎస్ఐలో చెప్పుకుంటాం, పాయింటు అంటే ఒక పీఎస్ఐ. స్టిక్కర్ మీద అంకె బార్ అనే ఇంకో కొలతలో ఉంటే 14.5తో గుణించండి, 2.2 బార్ అంటే సుమారు 32 పీఎస్ఐ.

గేజ్ సొంతానిది ఒకటి కొనుక్కోండి, డిజిటల్ అయితే చదవడం తేలిక. వాల్వ్ క్యాప్ తీసి జేబులో వేసుకుని, వాల్వ్ మౌత్ దగ్గర దుమ్ము తుడిచి, గేజ్‌ని వంకర లేకుండా గట్టిగా నొక్కండి. మొదట్లో స్స్ మని కాస్త గాలి పోవడం మామూలే, ఆ శబ్దం ఆగకపోతే గేజ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, అప్పుడొచ్చే అంకె తక్కువగా ఉంటుంది కాబట్టి లెక్కలోకి తీసుకోకండి. రెండు సార్లు ఒకే అంకె వస్తే రాసుకోండి. నాలుగూ అయ్యాక స్టెప్నీ కూడా చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు, తీరా పంచరైన రోజున అందులోనూ గాలి ఉండదు.

ఇంట్లో పంపు ఉంటే అక్కడే నింపేయండి. బంకుకే వెళ్ళాలంటే, ఇంట్లో ఎంత తగ్గిందో అంత కలిపించండి. ఉండాల్సింది 32, ఇంట్లో చూపించింది 28 అనుకుందాం. బంకులో 30 చూపిస్తే 34 దాకా కొట్టించాలి, మర్నాడు పొద్దున మళ్ళీ చూసుకుంటే సరి. టైరు వేడిగా ఉన్నప్పుడు ఎక్కువుందని గాలి మాత్రం తీయించకండి.

నెలకోసారైనా చూడండి, చలికాలంలో ఇంకాస్త తరచుగా, ఎందుకంటే వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పాయింటు పడిపోతుంది. ఇంటిల్లిపాదీ సామానుతో సాలూరు ఘాట్ ఎక్కాలనుకుంటే స్టిక్కర్ మీద ఫుల్ లోడుకు ఇచ్చిన అంకె పెట్టించండి. గాలి తక్కువున్న టైరు పక్కలు నలిగి వేడెక్కి పేలిపోయే ప్రమాదం ఉంది, లోపల ఉన్నది మనవాళ్ళే కదా.

ఒక్క టైరే పదే పదే తగ్గుతుంటే మౌత్ మీద సబ్బు నీళ్ళు వేసి చూడండి. బుడగలొస్తే వాల్వ్ పిన్ను మార్పించాలి, రాకపోతే పంచర్ షాపులో చక్రం విప్పించి నీళ్ళలో ముంచి చూడమనండి.