ఫంక్షన్ హాల్లో డ్రోన్ ఎగరేసే ముందు

మాఘం వచ్చేస్తోంది, వరసగా ముహూర్తాలు. మండపం పైనుంచి డ్రోన్ షాట్ కావాలని పెళ్లివారు ముందే చెప్పేస్తున్నారు. ఆరుబయట బాగా చెయ్యి తిరిగినవాళ్లు కూడా హాల్లో తడబడతారు. బయట డ్రోన్‌ని కదలకుండా నిలబెట్టే జీపీఎస్, స్లాబు కింద సరిగా అందదు. అప్పుడది కింది కెమెరాతో నేలను చూసుకుంటూ నిలబడుతుంది. ఆ కెమెరాకి వెలుతురు కావాలి, నేల మీద గీతలో మచ్చలో కనబడాలి. మెరిసే గ్రానైట్ మీదా, ఒకే రంగు కార్పెట్ మీదా దానికి ఆనవాలు దొరక్క, మనం రిమోట్ స్టిక్ ముట్టకపోయినా పక్కకు జారిపోతుంది. వధువు రాగానే ఎఫెక్టు కోసం లైట్లు ఆర్పేస్తారే, అప్పుడు మరీ ప్రమాదం. లైట్ల అతనితో ముందే మాట్లాడి, ఆ సమయానికి డ్రోన్ కిందే ఉండేలా చూసుకోండి.

అన్నిటికంటే ముందు రిటర్న్ టు హోమ్ సెట్టింగు మార్చండి. సిగ్నల్ తెగితే చాలా డ్రోన్లు ముందు పైకి లేచి, తర్వాత బయలుదేరిన చోటికి వస్తాయి. బయట మనల్ని కాపాడేది అదే. హాల్లో మాత్రం, అద్దాల గోడ దగ్గర కాస్త జీపీఎస్ అంది హోమ్ పాయింట్, అంటే తిరిగి రావాల్సిన చోటు, నమోదైందా, సిగ్నల్ తెగగానే నేరుగా సీలింగుకే. సిగ్నల్ పోతే అక్కడే ఆగేలా పెట్టుకోండి. మీ డ్రోన్‌లో వీలుంటే గరిష్ఠ ఎత్తు కూడా సీలింగుకి బాగా కిందికి తగ్గించండి. సీలింగు దగ్గరికి వెళ్లిన డ్రోన్‌ని రెక్కల పైన ఏర్పడే తక్కువ పీడనం ఇంకా పైకి లాగేస్తుంది.

ఉదయాన్నే, పూలవాళ్ల పని అయ్యాక, తల పైకెత్తి హాలంతా ఒకసారి నడవండి. ఫ్యాన్లు, ఏసీ గాలి వచ్చే చోట్లు, వేలాడే సీరియల్ లైట్లు, దండలు అన్నీ చూసుకోండి. నిరుడు ఒక పెళ్లిలో నేనీ పని చేయలేదు. బంతిపూల దండకి కట్టిన సన్నటి నైలాన్ దారం సెన్సర్లకి కనబడలేదు, నాకూ కనబడలేదు. రెక్కకి చుట్టుకుని డ్రోన్ మొదటి వరస కుర్చీ మీద పడింది. కుర్చీ మీది శాటిన్ కవరు బ్లేడుతో కోసినట్టు జానెడు చీలింది. అంతకు ముందే ఒక పాప ఆ కుర్చీలోంచి లేచి నీళ్లకి వెళ్లింది. ఆ చీలిక ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే రెక్కల చుట్టూ బిగించే ప్రొపెల్లర్ గార్డులు లేకుండా లోపల ఎగరేయొద్దు. ఒక సంగతి: 249 గ్రాముల డ్రోన్‌కి గార్డులు బిగిస్తే బరువు 250 దాటుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అప్పుడది 250 గ్రాముల లోపు ఉండే నానో తరగతి కాదు, దాని పైది, మైక్రో. డబ్బు తీసుకుని చేసే పనికి మైక్రో అయితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

వేగంగా ఎగరడానికి ఉండే స్పోర్ట్ మోడ్ ముట్టొద్దు, అందులో చాలా మోడళ్లలో అడ్డంకుల సెన్సర్లు పనిచేయవు. మీ కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి కాబట్టి, డ్రోన్‌నే చూస్తూ ఉండే మనిషి ఒకరు పక్కన ఉండాలి. బ్యాటరీ 40 శాతానికి రాగానే దించేయండి. ఉబ్బిన బ్యాటరీని అసలు వాడొద్దు.

హోమం దగ్గరికి వెళ్లకండి, రెక్కల గాలికి నిప్పురవ్వలు పట్టుచీరల మీదికి లేస్తాయి. తలంబ్రాలప్పుడు పిల్లలంతా మండపం చుట్టూ మూగుతారు, బియ్యం, థర్మాకోల్ పూసలు పైకి ఎగురుతాయి. ఆ షాట్ బాల్కనీలో నిలబడి జూమ్ లెన్స్‌తో తీయండి.