అయాన్ తాకిడికి లేచే అలలు – మూడో పాఠం: అల నిడివిని లెక్కకట్టడం

ఖాజాగూడ గుట్టల్లోని గ్రానైటు బండలు గుండ్రంగా ఉండటం హైదరాబాదులో చాలామంది చూసే ఉంటారు. మూలలకు అనేక వైపుల నుంచి తేమ తగులుతుంది కనుక ముందుగా అరిగేవి అవే. అందువల్ల అరుగుదల అంటే నునుపుచేసేదే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. నేటి పాఠానికి ఆ అభిప్రాయాన్ని పూర్తిగా పక్కన పెట్టవలసి ఉంటుంది, ఎందుకంటే అయాన్లు (విద్యుదావేశం గల పరమాణువులు) తాకిన చోట మెట్టకన్నా పల్లమే త్వరగా అరుగుతుంది.

కారణం శక్తి పంపకంలో ఉంది. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు శక్తిగల ఆర్గాన్ అయాను సిలికాన్‌ను తాకినప్పుడు, తన శక్తిని తాకిన బిందువులోనే వదలక, కొన్ని నానోమీటర్ల లోతు వరకు చుట్టుపక్కల పరమాణువులకు పంచుతుంది. ఉపరితల పరమాణువు ఊడిపోవడం తనకు అందిన శక్తిని బట్టి ఉంటుందని 1969లో సిగ్మండ్ సిద్ధాంతీకరించాడు. పల్లం అడుగున ఉన్న పరమాణువుకు ఇరుపక్కల వాలుల్లో దిగిన అయాన్ల శక్తి కేంద్రాలు దగ్గరవుతాయి, మెట్ట మీది పరమాణువుకు అవే కేంద్రాలు దూరమవుతాయి. కనుక పల్లం మరింత పల్లమవుతుంది.

ఇదొక్కటే పనిచేస్తే ఉపరితలం గందరగోళంగా చిట్లిపోవాలి. కానీ 1962లో నావెజ్ బృందం గాజుపై గమనించినది క్రమమైన అలలను. తవ్వకానికి ఎదురుగా పరమాణువుల కదలిక ఎగుడుదిగుళ్లను సర్దుతూ ఉంటుందని, ఈ రెండింటి పోటీయే అల నిడివిని తేలుస్తుందని 1988లో బ్రాడ్లీ, హార్పర్ చూపించారు. ఈ విషయం మొత్తంలో నాకు అత్యంత అందంగా తోచేది ఈ అంశమే: ఎవరూ గీత గీయకుండానే గీతల మధ్య దూరం నిర్ణయమవుతోంది.

ఇప్పుడు లెక్క. తవ్వకం గుణకాన్ని త అని, సర్దుబాటు గుణకాన్ని స అని, 2π ని అల నిడివితో భాగించగా వచ్చే తరంగ సంఖ్యను క అని అనుకుందాం. అల పెరిగే వేగం = త × క² − స × క⁴. త విలువ సెకనుకు 1 చదరపు నానోమీటరు, స విలువ సెకనుకు 50 (నానోమీటరు నాలుగో ఘాతంలో) అనుకోండి. ఇవి అభ్యాసం కోసం ఎంచుకున్న అంకెలు. 200 నానోమీటర్ల అలకు వేగం సుమారు 0.0009 వస్తుంది: అల పెరుగుతుంది, కానీ నెమ్మదిగా. 30 నానోమీటర్ల అలకు సుమారు −0.05 వస్తుంది, అంటే సర్దుబాటు దానిని వెంటనే చెరిపేస్తుంది. అన్నిటికన్నా వేగంగా పెరిగేది 2π × √(2స ÷ త) నిడివిగల అల; ఇక్కడ √100 = 10 కనుక అది సుమారు 63 నానోమీటర్లు. దాని వేగం త² ÷ 4స, అంటే సెకనుకు 0.005. ఎత్తు తన విలువకు అనుపాతంగా పెరుగుతుంది కాబట్టి ప్రతి 200 (1 ÷ 0.005) సెకన్లకు అది సుమారు 2.7 రెట్లవుతుంది, మిగిలినవి వెనుకబడిపోతాయి. సూత్రాన్ని కంఠస్థం చేయడం కన్నా, ఈ మూడు నిడివులకు వేగాన్ని మీరే కాగితం మీద కట్టి చూడటం ఎక్కువ మేలు చేస్తుంది.

వాలుగా వచ్చే అయాన్ కిరణానికి త విలువ రెండు దిశలలో ఒకటిగా ఉండదు, బలమైన దిశ గెలుస్తుంది. కిరణం మధ్యస్థంగా వాలినప్పుడు అలల శిఖరరేఖలు దానికి అడ్డంగా, ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ వచ్చినప్పుడు దాని వెంబడి ఏర్పడతాయి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. నిట్టనిలువుగా తాకే శుద్ధమైన ఆర్గాన్ కిరణం కింద సిలికాన్ అలలు లేకుండా చదునుగానే ఉంటుంది, కానీ పై సూత్రం అక్కడ కూడా అలలు రావాలంటుంది. తాకిడికి ఊడిపోకుండా కేవలం పక్కకు జరిగే పరమాణువులు ఉపరితలాన్ని చదును చేస్తాయని 1996లో కార్టర్, విష్ణ్యకోవ్ ప్రతిపాదించారు. నమూనాను పట్టి ఉంచే ఉక్కు బిగింపు నుంచి ఊడిన ఇనుము సిలికాన్‌పై చేరినా ఫలితం మారిపోయి, లేని చోట ఆకృతులు పుడతాయి. అందుచేత నిలువు కిరణంతో చుక్కలు కనిపించినప్పుడు, సూత్రం నిజమైందని అనుకునే ముందు బిగింపును పరిశీలించాలి.

అభ్యాసం: త ను అలాగే ఉంచి స ను 200 చేయండి. అల నిడివి సుమారు 126 నానోమీటర్లు, ఎత్తు 2.7 రెట్లు కావడానికి 800 సెకన్లు రావాలి. అలలు ఎత్తు పెరిగాక ఈ సరళమైన లెక్క ఎక్కడ చెల్లకుండా పోతుందో నాలుగో పాఠంలో చూద్దాం.