కంపెనీ డబ్బు దిగిన ఊళ్లో సర్పంచ్‌గా నిలబడి నెగ్గడం ఎలా?

ఊరి పొలిమేరలో ఫ్యాక్టరీయో, క్వారీయో, రియల్ ఎస్టేట్ వెంచరో వచ్చిందంటే పంచాయతీ ఎన్నిక తీరే మారిపోతుంది. భవన అనుమతుల ఫైలు, ఆస్తి పన్ను మదింపు, లేఅవుట్లో పంచాయతీకి రావాల్సిన పది శాతం ఖాళీ స్థలం, గ్రామసభ తీర్మానం, అన్నీ సర్పంచ్ కుర్చీ చుట్టూ తిరుగుతాయి. ఆ కుర్చీలో తమకు అడ్డు చెప్పని మనిషి ఉండాలని కంపెనీలు కోరుకుంటాయి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు గనుక ఆ డబ్బు విరాళంగా ఏ ఖాతాలోనూ కనిపించదు. లేబర్ కాంట్రాక్టరు, ట్యాంకర్ల యజమాని, మట్టి తోలే ట్రాక్టర్లవాళ్లు, వెంచర్ ఏజెంటు... వీళ్ల చేతుల మీదుగా నగదుగా ఊళ్లోకి వస్తుంది.

కింది పద్ధతి తెలంగాణ గ్రామ పంచాయతీలకు సరిపోయేలా రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో దారి ఇదే గానీ డిపాజిట్లు, ఖర్చు పరిమితులు వేరు, అక్కడి నోటిఫికేషన్ చూసుకోవాలి.

ముందు క్యాలెండర్ చూడండి. 2025లో తెలంగాణలో మొదటి విడతకు నామినేషన్లు నవంబరు 27 నుంచి 29 దాకా, ఉపసంహరణ డిసెంబరు 3న, పోలింగ్ 11న. అంటే ప్రచారానికి దక్కింది వారం. డబ్బున్న అభ్యర్థికి ఆ వారం చాలు. డబ్బు లేని అభ్యర్థి నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఊరంతా ఒక్కసారి తిరగడంతోనే గడువు అయిపోతుంది. పని కనీసం ఏడాది ముందు మొదలుకావాలి.

1. ఏడాది ముందు: కాగితాలు తీయండి

"కంపెనీ ఊరిని దోచుకుంటోంది" అంటే ఎవరూ కాదనరు, ఓటు మాత్రం మారదు. "ఫలానా షెడ్డుకు మూడేళ్లుగా పన్ను డిమాండ్ ఇంత, కట్టింది ఇంత" అని రిజిస్టరు నకలు చూపిస్తే అరుగు మీద చర్చ మొదలవుతుంది. దీనికి సమాచార హక్కు దరఖాస్తే ఆధారం. గ్రామ స్థాయిలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

దరఖాస్తు రాయడంలోనే చాలామంది దెబ్బతింటారు. "కంపెనీకి సంబంధించిన పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. ఒక్కో దరఖాస్తులో ఒక్క విషయమే, రికార్డు పేరుతో సహా అడగండి. ఫలానా సర్వే నంబరులోని కట్టడాల అసెస్‌మెంట్ నంబర్లు, గత మూడు ఆర్థిక సంవత్సరాల డిమాండ్, వసూలు, బకాయి రిజిస్టర్ల నకళ్లు. ఫలానా లేఅవుట్లో పది శాతం స్థలం పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు. అనుమతి ఇచ్చిన రోజున జరిగిన సమావేశం తీర్మానం పేజీ. గ్రామసభ హాజరు సంతకాల పేజీ. ఈ చివరిది మరిచిపోవద్దు, సభకు రానివాళ్ల సంతకాలు కనిపించేది అక్కడే.

"ఆ ఫైలు మా దగ్గర లేదు, మండలంలో ఉంది" అని కార్యదర్శి చెబితే తిరిగి వచ్చేయకండి. దరఖాస్తును అయిదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాల్సింది ఆయనే అని సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ చెబుతుంది. నెల దాటినా జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. చాలా కాగితాలు ఈ అప్పీలు దెబ్బకే బయటికి వస్తాయి.

పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన పరిశ్రమైతే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. వెళ్లి అడిగి, ఇచ్చినా ఇవ్వకపోయినా రాతపూర్వకంగా నమోదు చేయించండి.

2. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) లెక్కను విడిగా చూడండి

వాటర్ ప్లాంటు, బడికి బెంచీలు, గుడికి గేటు కంపెనీ చలవే అని ఊరు అనుకుంటుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసి తీరాలి. ఆ లెక్క వార్షిక నివేదికలో, బోర్డు రిపోర్టు అనుబంధంలో ఉంటుంది. అందులో మీ ఊరి పేరు విడిగా ఉండకపోవచ్చు. ఉంటే ఎంత రాశారో చూసి, ఊళ్లో కనిపించే పనితో పోల్చండి. సీఎస్‌ఆర్ నిధిని రాజకీయ పార్టీలకు ఇవ్వడానికి వీల్లేదని నిబంధనల్లోనే ఉంది.

సంక్షేమం నుంచి అధికారానికి దూరం ఎంత తక్కువో కేరళలోని కిళక్కంబలం చూపించింది. బట్టలు తయారుచేసే కైటెక్స్ గ్రూపు వెనక నిలిచిన ట్వంటీ20 అనే సంస్థ 2013లో పుట్టి, సీఎస్‌ఆర్ సాయంతో, చవక సరుకుల అంగడితో పేరు తెచ్చుకుని, 2015లో ఆ పంచాయతీలోని 19 వార్డుల్లో 17 గెలిచింది. 2020లో చుట్టుపక్కల పంచాయతీలకూ పాకింది. అక్కడి జనం మూర్ఖులై ఓటేయలేదు. పాత పార్టీలు చేయని పనులు చేసి చూపించారు గనుకే వేశారు. కాబట్టి కంపెనీ పెట్టిన వాటర్ ప్లాంటును తిట్టకండి. ఆ నీళ్లు తాగే ఇల్లు మీకు దూరమైపోతుంది. "ఇది చట్టప్రకారం మనకు రావాల్సిందే, పన్ను కూడా కడితే ఇంకా ఇన్ని పనులవుతాయి" అని అంకెలతో చెప్పండి.

3. ఓటరు జాబితా

జాబితాను వార్డుల వారీగా ఇంటింటికీ పట్టుకెళ్లి సరిచూడండి. చనిపోయినవాళ్లు, పెళ్లై వెళ్లినవాళ్లు, హైదరాబాద్, బొంబాయి, దుబాయ్ వలస పోయినవాళ్లు, కంపెనీ క్వార్టర్లలో కొత్తగా చేరినవాళ్లు... నాలుగు రంగుల పెన్నులతో గుర్తు పెట్టండి. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు 7, మార్పులకు 8, ముందు అక్కడ చేయించాలి. నోటిఫికేషన్ రోజున పంచాయతీ ఆఫీసు ముందు గొడవపడితే ప్రయోజనం లేదు. క్వార్టర్లలోని కార్మికులు అర్హులైతే వాళ్ల పేర్లు తీయించే ప్రయత్నం చేయకండి. వాళ్లకూ నీళ్ల, కరెంటు బాధలున్నాయి, వెళ్లి ఓటు అడగండి.

4. ఒక్కరు కాదు, ప్యానెల్

సర్పంచ్ ఒక్కరే గెలిస్తే సగం ఓడినట్టే. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ కలిపి ఇచ్చింది. ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులు, అదీ లెక్కింపు అయిన వెంటనే. కంపెనీ వైపువాళ్లు సర్పంచ్ పదవి చేజారినా వార్డు సభ్యుల్ని కూడగట్టుకుని ఉపసర్పంచ్‌ను తమవాణ్ణి పెట్టుకుంటే చాలు, ప్రతి చెక్కూ అక్కడ ఆగుతుంది. అందుకే ప్రతి వార్డుకూ మనిషి ఉండాలి. మహిళా రిజర్వుడు వార్డుల్లో భర్తల పేర్లతో సరిపెట్టకుండా పొదుపు సంఘాల్లో లెక్కలు రాసిన ఆడవాళ్లను అడగండి. ఊళ్లో ఎవరింట్లో ఎంత అప్పుందో, ఎవరు ఎవరి మాట కాదనలేరో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఆ ఊళ్లో షెవ్రాన్ చమురు శుద్ధి కర్మాగారం ఉంది. 2012 ఆగస్టులో అక్కడ మంటలు లేచి సుమారు 15,000 మంది వైద్యం కోసం వెళ్లారు. 2014 నగర ఎన్నికల్లో ఆ కంపెనీ దాదాపు 30 లక్షల డాలర్లు గుమ్మరించింది. అయినా కార్పొరేట్ విరాళం ముట్టబోమన్న రిచ్‌మండ్ ప్రోగ్రెసివ్ అలయన్స్ తరఫున నిలబడిన ముగ్గురూ, గేల్ మెక్‌లాఫ్లిన్, జొవాంకా బెకల్స్, ఎడ్వర్డో మార్టినెజ్, కౌన్సిల్‌కు గెలిచారు. ఆ సంస్థ ఎన్నిక కోసం పుట్టింది కాదు. అంతకు పదేళ్ల ముందు నుంచీ ఊళ్లో పనిచేస్తోంది, ముగ్గురూ ఒకే జట్టుగా గడపగడపకూ వెళ్లారు.

5. డబ్బు: ఎంత, ఎక్కడిది, ఎలా రాయాలి

జనాభా 5,000 లోపైతే సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 1.5 లక్షలు, దాటితే 2.5 లక్షలు. వార్డు సభ్యులకు 30,000, 50,000. రెండు వేల ఓట్లు, ఆరు వందల ఇళ్లున్న ఊరికి నిజాయితీగా చేస్తే 60 నుంచి 70 వేలు సరిపోతుంది. మూడు విడతల కరపత్రాలకు ఎనిమిది వేలు, మైకున్న ఆటోకు అయిదు రోజులకు పదివేల దాకా, నమూనా బ్యాలెట్లు, ఫ్లెక్సీలకు పదిహేను వేలు, తిరిగే కుర్రాళ్ల టీ, భోజనాలకు పాతిక వేలు, మిగతావి చిల్లర. రేట్లు ఊరిని బట్టి మారతాయి. ఎక్కడైనా చేయి దాటిపోయేది భోజనాల పద్దే. వంట ఒక్క ఇంట్లో, బియ్యం సొంతంగా పెట్టుకుని చేయించండి.

వంద, రెండొందల చందాలు ఎక్కువ ఇళ్ల నుంచి తీసుకోండి. వంద ఇచ్చిన ఇల్లు ఆఖరి రాత్రి కవరు వచ్చినప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. కాంట్రాక్టరు "ఏమీ ఆశించకుండా" ఇచ్చే యాభై వేలు వద్దు. విడిగా బ్యాంకు ఖాతా తెరిచి చందా అందులోనే వేయించండి. ఏ రోజు ఖర్చు ఆ రోజే రాసి రసీదు అంటించే బాధ్యత అభ్యర్థిది కాకుండా వేరొకరికి అప్పగించండి.

6. నామినేషన్, ఏకగ్రీవం ఒత్తిడి

సర్పంచ్ డిపాజిట్ 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. వార్డుకు 500, 250. 21 ఏళ్లు నిండి, ఆ పంచాయతీ జాబితాలో పేరుండాలి. ఇంటి పన్ను బకాయి ముందే కట్టి రసీదు తెచ్చుకోండి. పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టు ఏదీ మీ పేరు మీద ఉండకూడదు. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. వర్తించకపోతే "లేదు" అని రాయాలి. ప్రత్యర్థి లాయరు మొదట వెతికేది ఖాళీ గడినే.

నామినేషన్‌కూ ఉపసంహరణకూ మధ్య రోజులే అతి ప్రమాదం. గుడికి ఇంత, కులసంఘం భవనానికి ఇంత అని పదవిని వేలం పెట్టి ఏకగ్రీవం చేసుకుందామని పెద్దలు కూర్చుంటారు. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో ఇది బాహాటంగానే జరుగుతుంది. ఆ డబ్బు పెట్టినవాడు అయిదేళ్లలో ఊరి నుంచే రాబట్టుకుంటాడని ప్యానెల్ అంతా కలిసి వెళ్లి ఆ కూర్చున్నచోటే చెప్పండి, ఒంటరిగా వెళ్లొద్దు. ఉపసంహరణ ఫారం మీద గానీ ఖాళీ కాగితం మీద గానీ ముందే సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి. బెదిరింపు, వేలం రెండింటి మీదా జిల్లా కలెక్టరుకు, ఎన్నికల పరిశీలకులకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.

7. ఆ వారం, ఆ రెండు రాత్రులు

ఏడాదంతా తిరిగి ఉంటే ఈ వారం గుర్తు చెప్పడానికే. గుర్తు ఉపసంహరణ అయ్యాకే తెలుస్తుంది గనుక ఆ రాత్రికే ప్రెస్సు మాట్లాడి ఉంచండి. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు బ్యాలెట్ తెలుపు. పెద్దవాళ్లకు నమూనా చేతికిచ్చి ముద్ర ఎక్కడ వేయాలో, గీత మీద పడకుండా ఎలా వేయాలో, మడత ఎలా పెట్టాలో చేయించి చూడండి. ఇరవై ఓట్ల తేడాతో తేలే ఊళ్లలో చెల్లని ఓట్లే ఫలితాన్ని మార్చేస్తాయి.

చివరి రెండు రాత్రులు పంపకాలు. లంచం ఇవ్వడం, తీసుకోవడం రెండూ భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద నేరాలే. "వాళ్ల దగ్గర తీసుకోండి, మాకు వేయండి" అని ప్రచారం చేయొద్దు. తీసుకున్న చేయి మాట ఇచ్చిందనుకునే మనస్సాక్షి మన ఊళ్లలో చాలా బలం. అందుకే పసుపు బియ్యం మీదా దేవుడి పటం మీదా ప్రమాణాలు చేయిస్తారు. తీసుకున్నవాళ్లను నిందించకుండా ఓటు రహస్యమని, వార్డు మొత్తం లెక్క తెలిసినా ఏ ఓటు ఎవరిదో తెలియదని చెప్పండి. ఆ మాట ఆడవాళ్లే ఇంట్లోకి వెళ్లి చెబితే నమ్ముతారు.

పంపకం కళ్లబడితే వీడియోలో వీధి, ఇల్లు, సమయం తెలిసేలా తీయండి, ఎవరి మీదా చేయి చేసుకోకండి. గొడవైతే కేసు మీ మీదే పడి పోలింగ్ రోజు మీ ఏజెంట్లు స్టేషన్లో ఉంటారు. సీ-విజిల్ యాప్‌లో పెట్టి ఊరుకోవద్దు, అది కేంద్ర ఎన్నికల సంఘానిది. స్థానిక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కింద జరుగుతాయి. ఫిర్యాదు పోలీసులకు, రిటర్నింగ్ అధికారికి, వ్యయ పరిశీలకులకు వెళ్లాలి. పరిశీలకుల ఫోన్ నంబర్లు ముందే జేబులో ఉండాలి.

8. లెక్కింపు నుంచి 45 రోజులు

పోలింగ్ ఒంటిగంటకు ముగుస్తుంది, రెండింటికి లెక్కింపు మొదలవుతుంది. మీ ఏజెంట్లు భోజనం అక్కడికే తెప్పించుకోవాలి, ఉపసర్పంచ్ ఎన్నిక అయ్యేదాకా మీ వార్డు సభ్యులెవరూ బయటికి వెళ్లకూడదు. బేరం జరిగేది ఆ గంటలోనే.

గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఓడినవాళ్లు ఇక్కడే అశ్రద్ధ చేసి వచ్చేసారి అవకాశం పోగొట్టుకుంటారు. ప్రత్యర్థి ఇచ్చిన లెక్క నకలు కూడా తీసుకోండి. ఊరంతా చూసిన ఖర్చుకూ అందులో రాసినదానికీ తేడా ఎంతో వీధి వారీగా రాసి పెట్టండి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మొదటి సభకే పన్ను బకాయిల రిజిస్టరు నకలు పట్టుకుని, ఆ అంశాన్ని ఎజెండాలో చేర్చమని రాతపూర్వకంగా అడగండి.