బడిలో ప్రార్థనా తోట – 3వ పాఠం: జపమాల బాట

కిందటి పాఠంలో నేల చదును చేసి, నీరు పోయే వాలు చూసుకున్నాం. ఇప్పుడు ఆ నేల మీద, పిల్లలు చుట్టూ నడుస్తూ జపం చెప్పుకునేలా, పూసలకు బదులు రాళ్లు పరిచే కతోలిక జపమాల గీద్దాం. మరియమాత స్వరూపాన్ని నడిమధ్యలో నిలబెట్టాలని ఎంత తొందరగా ఉన్నా ఈ పని అయ్యేదాకా ఆగండి. గుండ్రం గీయడానికి మేకు దిగాల్సింది సరిగ్గా అక్కడే.

ముందు లెక్క చూసుకోండి. జపమాలలో పూసలు 59: మంగళవార్త జపానికి (మరియమాతకు చెప్పేది) 53 చిన్నవి, పరలోక జపానికి (యేసు నేర్పినది) 6 పెద్దవి. సిలువ నుంచి, గుండ్రంతో కలిసే చోట ఉండే పతకం దాకా సాగే తోకలో ఒక పెద్దది, మూడు చిన్నవి, మళ్లీ ఒక పెద్దది. మిగిలిన 54 పూసలు, పతకం కలిపి గుండ్రంలో 55 స్థానాలు. ఒక్కోదానికి 40 సెం.మీ. ఇస్తే చుట్టుకొలత 22 మీటర్లు, వ్యాసార్ధం 3.5 మీటర్లు. రాళ్ల వరుసకు బయటివైపు 1.2 మీటర్ల బాట వదలండి, చక్రాల కుర్చీ కూడా పడుతుంది. తోకతో కలిపి 10 x 12 మీటర్ల చోటు కావాలి. అంత లేకపోతే 30 సెం.మీ. ఎడంతో వ్యాసార్ధం 2.63 మీటర్లకు దిగుతుంది. అంతకన్నా తగ్గిస్తే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటారు.

గుండ్రం గీయడానికి నైలాను తాడు వద్దు, లాగితే సాగుతుంది. ఇనుప తీగ వాడండి. గీత పడ్డాక ఒక్కో స్థానాన్నీ వరసగా కొలుచుకుంటూ పోవడమే అందరూ చేసే పొరపాటు. ఒక్కో స్థానానికి 5 మి.మీ. తేడా వచ్చినా 55 స్థానాలకు 27 సెం.మీ. దాటుతుంది, చివరి పూసకు చోటుండదు. పతకం, గుండ్రంలోని నాలుగు పెద్ద పూసలు కలిసి గుండ్రాన్ని ఐదు సమభాగాలు చేస్తాయి కాబట్టి ముందు ఆ ఐదు గుర్తులు పెట్టండి. పక్కపక్క గుర్తుల మధ్య టేపుతో తిన్నగా కొలిస్తే 4 మీటర్ల 11 సెం.మీ. రావాలి. ఆ తర్వాత ఒక్కో భాగంలో పదేసి చిన్న పూసలు సర్దండి. తేడా వచ్చినా ఆ భాగంలోనే సర్దుకుపోతుంది.

చిన్న రాళ్లు 20 సెం.మీ., పెద్దవి, పతకం 30 సెం.మీ. వెడల్పు, మందం 5 సెం.మీ. సిమెంటు, ఇసుక, చిన్న కంకర 1:2:4 పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తా ఒక్కటి చాలు, రెండు మూడు రాళ్లు అదనంగా కూడా పోసుకోవచ్చు. కనీసం ఏడు రోజులు తడిపి ఉంచండి. పెద్దవాటికి పైన రంగు పూస్తే ఊడిపోతుంది. రంగుపొడిని మిశ్రమంలోనే కలపండి. అది సిమెంటు బరువులో 5 శాతం దాటనివ్వకండి, మరీ ఎక్కువైతే రాయి బలం తగ్గుతుంది.

గుంట 12 సెం.మీ. తవ్వి, 5 సెం.మీ. కంకర దిమ్మిస కొట్టి, పైన 2 సెం.మీ. ఇసుక పరిచి రాయి కూర్చోబెట్టండి. ఉత్త ఇసుక మీద పెడితే వానకు ఒక పక్కకు ఒరుగుతుంది. తోకలో పతకం వైపు మూడు రాళ్లు నడిచే బాటలోనే పడతాయి. అవి నేలమట్టానికి ఒక్క మి.మీ. కూడా లేవకూడదు.

సిలువను మాత్రం నేలలో పరచకండి. ఎవరో ఒకరు తొక్కుతారు. తోక చివర నిలువుగా నాటండి.

దేవ రహస్యాల (జపమాల చెబుతూ ధ్యానించే యేసు, మరియమాతల జీవిత ఘట్టాల) పేర్లు రాళ్ల మీద చెక్కించడం తొందరపాటు. సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలకు 2002లో రెండవ జాన్ పాల్ పాపుగారు వెలుగు రహస్యాలు చేర్చారు. మొత్తం 20, చోట్లు ఐదే. మార్చుకునే పలకలు పట్టే గాడి ఉన్న చిన్న స్తంభాలు పెడితే ఏ రోజు పలక ఆ రోజు దూర్చవచ్చు.

తవ్వేముందు సున్నంతో గుర్తులు వేసి, ఒక తరగతి పిల్లల్ని జపం చెప్పిస్తూ నడిపించి చూడండి. ఇరుకైన చోటు అప్పుడే తెలుస్తుంది. స్వరూపానికి పీఠం కట్టడం 4వ పాఠంలో.