నీడ తోటలో బ్లీడింగ్ హార్ట్ పెంపకం

బ్లీడింగ్ హార్ట్ మొక్క చాలాచోట్ల ఏడాదిలో సగానికి పైగా కాలం నేల లోపలే గడుపుతుంది. చలి తగ్గుముఖం పట్టగానే ఎర్రటి పిలకలతో పైకి వచ్చి, కొద్ది వారాలలోనే రెండు మూడు అడుగుల ఎత్తు పెరిగి, విల్లులా వంగిన కాడలకు గులాబి రంగు హృదయాల వంటి పూలను వరుసగా వేలాడదీసి, ఎండలు ముదిరేసరికి ఆకులు పసుపుబారి కంటికి కనబడకుండా పోతుంది. మొక్క చచ్చిపోయిందనుకుని ఆ సమయంలో కుదురును తవ్వి పారేసేవారు ఎందరో ఉన్నారు. అది కనబడని నెలలలో దాని చోటును ఎంత జాగ్రత్తగా కాపాడామన్న దానిపైనే మరుసటి వసంతపు పూత ఆధారపడుతుంది కనుక, చోటు ఎంపిక మొదలుకొని పొరుగు మొక్కల దాకా అన్నీ ఆ నిద్రాకాలాన్ని దృష్టిలో ఉంచుకునే నిర్ణయించుకోవాలి.

వృక్షశాస్త్రంలో దీని పేరు లాంప్రోకాప్నోస్ స్పెక్టాబిలిస్. చాలా కాలం దీనిని డైసెంట్రా స్పెక్టాబిలిస్ అన్నారు. నర్సరీ చీటీలపై ఆ పాత పేరు ఇప్పటికీ కనిపిస్తుంది కాబట్టి రెండూ గుర్తుంచుకోవడం మంచిది. గసగసాల కుటుంబానికి చెందిన ఈ మొక్క సైబీరియా, ఉత్తర చైనా, కొరియా ప్రాంతాలది. 1840ల దశకంలో మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి ఇంగ్లండుకు తెచ్చిన తరువాత అది పాశ్చాత్య తోటలలో స్థిరపడింది. పుట్టుకతోనే చలి ప్రాంతపు మొక్క కావడం వల్ల నేల గడ్డకట్టే చలిని కూడా తేలికగా ఓర్చుకుంటుంది. అసలు కొన్ని వారాల గట్టి చలి తగిలితేనే వేరులోని మొగ్గలు సరిగా మేల్కొంటాయి. చలికాలమన్నది పేరుకు మాత్రమే ఉండే ఉష్ణ ప్రాంతాలలో ఇది నిలదొక్కుకోదు. అటువంటి చోట్ల బ్లీడింగ్ హార్ట్ తీగ అన్న పేరుతో దొరికేది పశ్చిమ ఆఫ్రికాకు చెందిన క్లీరోడెండ్రం థామ్సోనియే. తెల్లని రక్షక పత్రాల నడుమ నుంచి ఎర్రని పువ్వు తొంగిచూసే ఆ తీగ కూడా అందమైనదే, కానీ ఆ రెండింటికీ బంధుత్వం లేదు, పెంపకం పద్ధతీ ఒకటి కాదు. కొనే ముందు శాస్త్రీయ నామాన్ని చూడమనడం ఇందుకే.

ఆకులు రాల్చే చెట్ల కింద ఉండే పలుచని నీడ దీనికి అన్నిటికన్నా అనువైన చోటు. చెట్టు ఇంకా చిగురించని రోజులలో మొక్కకు కావలసినంత వెలుగు దొరుకుతుంది. ఎండ తీక్షణమయ్యే వేళకు చెట్టు ఆకు తొడిగి గొడుగు పడుతుంది. చెట్టు లేకపోతే, ఉదయం రెండు మూడు గంటల ఎండ పడి మధ్యాహ్నం గోడ నీడ వచ్చే స్థలం చాలు. నీడ మొక్క అన్నారు కదా అని రోజంతా చీకటిగా ఉండే మూలలో పెడితే ఆకు వస్తుంది గానీ పూత పలుచబడుతుంది. కాడలు నీరు నిండి పెళుసుగా ఉంటాయి కనుక ఈదురుగాలి సూటిగా తగిలే చోటు కూడదు. చెట్టు మొదలుకు మరీ దగ్గరగా నాటితే పెద్ద వేళ్ళు చెమ్మనంతా లాగేసుకుంటాయి. కాస్త ఎడంగా, కొమ్మల అంచు నీడలో నాటడం మేలు.

నేల విషయంలో ఈ మొక్కకు రెండు కోరికలున్నాయి, అవి పైకి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి: ఎప్పుడూ పదునుగా ఉండాలి, ఎప్పుడూ నీరు నిలవకూడదు. అడవి నేలలో ఏళ్ళ తరబడి రాలిన ఆకులు కుళ్ళి ఏర్పడే గుల్ల మట్టిలో రెండూ కలిసే ఉంటాయి, తోటలో మనం తయారు చేయవలసింది ఆ మట్టినే. నేల ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) 6 నుంచి 7 మధ్య ఉంటే సరిపోతుంది. నాటబోయే చోట అడుగు లోతు గుంట తీసి నీటితో నింపి చూడండి. మొదటి నింపు ఇంకిన తరువాత రెండోసారి పోసిన నీరు కూడా కొన్ని గంటలలో ఇంకిపోతే పారుదల బాగున్నట్టే. మరునాటికీ నీరు నిలిచి ఉంటే ఆ చోటు వదులుకోవాలి, లేదా మట్టి పోసి మడిని ఎత్తు చేయాలి. చలికాలపు చలి కన్నా చలికాలపు నీటి తడే ఈ వేళ్ళను ఎక్కువగా కుళ్ళబెడుతుంది. బంకమట్టిలోనైనా ఇసుక నేలలోనైనా మందు ఒకటే: మాగిన ఆకు ఎరువు, లేదా బాగా చివికిన కంపోస్టు, ఒక్క గుంటలోనే కాకుండా మడి అంతటా ధారాళంగా కలపాలి.

కుండీలో పెరిగిన మొక్కను వసంతం మొదట్లోనో, శరత్తులోనో నాటవచ్చు. మట్టి లేని వేరు దుంపలు వస్తే వాటిని గంటసేపు నీటిలో నానబెట్టి, మెత్తబడి కుళ్ళిన ముక్కలను తీసివేయాలి. ఈ వేళ్ళు కండగలవి, చాలా పెళుసైనవి. గుంటను అవి వంగకుండా పరుచుకునేంత వెడల్పుగా తవ్వి, మొగ్గలున్న తల భాగం నేల మట్టానికి ఒకటి రెండు అంగుళాల లోపల ఉండేట్టు అమర్చి, మట్టిని కాలితో తొక్కకుండా చేత్తోనే సర్ది నీరు పోయాలి. మొక్కకూ మొక్కకూ రెండు నుంచి రెండున్నర అడుగుల ఎడం ఉండాలి. ఆ వెంటనే పక్కన ఒక గట్టి పుల్ల గుచ్చండి. ఈ చిన్న పనిని నేను నాటడంలో భాగంగానే చెబుతాను, ఎందుకంటే వేసవి చివర ఖాళీగా కనిపించే చోట మరో మొక్క కోసం పార వేస్తే నిద్రిస్తున్న వేళ్ళు ముక్కలవుతాయి. మొదటి ఏడాది పూలు కొద్దిగానే వచ్చినా దిగులు పడనక్కరలేదు. కుదురు బలపడ్డాక ఏటేటా కాడలు పెరుగుతాయి.

పిలకలు వచ్చింది మొదలు పూత ముగిసేవరకు, వానలు లేనప్పుడు, వారానికి సుమారు అంగుళం వాన కురిసినంత నీరు అందాలి. రెండు అంగుళాల మందాన ఆకు చెత్త పరిస్తే చెమ్మ నిలుస్తుంది, కానీ మొగ్గల తలపై దానిని కుప్పగా వేయకూడదు. వసంతంలో ఒక పొర కంపోస్టు వేస్తే ఎరువు అవసరం దాదాపు తీరుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి కాడలు వాలిపోతాయి. మొక్క చలికి ఓర్చుకున్నా లేత పిలకలు ఆలస్యంగా కురిసే మంచుకు కమిలిపోతాయి కనుక, అటువంటి రాత్రులలో వాటిపై పాత గుడ్డో బుట్టో బోర్లించి ఉదయాన్నే తీసివేయాలి.

పూత అయిపోయాక కాడల సౌష్ఠవం చెదిరి, ఆకులు పసుపుబారుతాయి. ఇక్కడ చాలామంది చేతులు ఆగవు. ఆకు పచ్చగా ఉన్నంతసేపూ వేరుకు ఆహారం చేరుతూనే ఉంటుంది కాబట్టి, అది పూర్తిగా పసుపుపచ్చగా మారేవరకు కత్తిరించవద్దు. వేసవి చల్లగా, నేల పదునుగా ఉండే ప్రాంతాలలో ఆకు శరత్తు దాకా నిలవడమూ ఉంది. మొక్క నిద్రలోకి వెళ్ళాక నీరు తగ్గించాలి గానీ నేలను పూర్తిగా ఎండబెట్టకూడదు. ఖాళీ అయిన చోటును పొరుగు మొక్కలతో ఎలా కప్పాలన్నది నీడ తోటలో అన్నిటికన్నా ఆలోచించి చేయవలసిన ఏర్పాటు. హోస్టాలు, ఫెర్న్‌లు, ఆస్టిల్బేలు ఆలస్యంగా విచ్చుకునే మొక్కలు. బ్లీడింగ్ హార్ట్‌ను వెనుక వరుసలో, వీటిని ముందు వరుసలో నాటితే, అది వెనక్కి తగ్గే వేళకు ఇవి ఆకులు చాచి ఆ ఖాళీని మూసివేస్తాయి. వేసవి అంతా పచ్చదనం తప్పనిసరిగా కావాలనుకునేవారు ఉత్తర అమెరికాకు చెందిన చిన్నపాటి బంధువులు డైసెంట్రా ఎక్సిమియా, డైసెంట్రా ఫార్మోసాలను ఎంచుకోవచ్చు. పూలు చిన్నవైనా, చెమ్మ తగ్గకుండా చూస్తే చాలా నెలలు పూస్తాయి.

రకాల విషయానికి వస్తే, నీడ కాస్త ఎక్కువగా ఉండే చోటుకు నేను తెల్లపూల ఆల్బానే ఎంచుకుంటాను. గులాబి రంగు సాయంకాలపు మసక వెలుతురులో కలిసిపోతుంది, తెలుపు మాత్రం వెలుగుతుంది. గోల్డ్ హార్ట్ ఆకులు బంగారు పసుపు రంగువి. వాటికి మధ్యాహ్నపు ఎండ అసలు తగలకూడదు.

పేనుబంక కనిపిస్తే నీటి ధారతో కడిగివేయవచ్చు, నత్తలను రాత్రివేళ చేత్తో ఏరివేయవచ్చు. కాడ మొదలు మెత్తబడి కూలితే అది నీరు నిలిచిన గుర్తు. మొక్క అంతటా ఆల్కలాయిడ్లు అనే విషపూరితమైన రసాయనాలు ఉంటాయి. జింకలూ కుందేళ్ళూ సాధారణంగా దీని జోలికి రాకపోవడం మేలే గానీ, పిల్లలూ పెంపుడు జంతువులూ నోట పెట్టకుండా చూడాలి. రసం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది కనుక కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు అవసరం.

కుదురును తరచూ విడదీయవలసిన పని లేదు, అది కదలకుండా ఉండటానికే ఇష్టపడుతుంది. మొక్కల సంఖ్య పెంచుకోవాలనుకుంటే ఆకులు రాలిన తరువాతనో, పిలకలు తొంగిచూసే వేళనో లోతుగా తవ్వి, ఒక్కో ముక్కకు మొగ్గలు ఉండేలా పదునైన కత్తితో కోయాలి. మూడు నాలుగు అంగుళాల వేరు ముక్కలను ఇసుక కలిపిన మట్టిలో పెట్టినా కొత్త పిలకలు వస్తాయి. గింజలకు ఓపిక ఎక్కువ కావాలి. ప్రతి గింజకూ చీమలు ఇష్టపడే కొవ్వు తొడుగు ఒకటి ఉంటుంది, దాని కోసమే అవి గింజలను మోసుకెళ్ళి దూరంగా వదులుతాయి. కాయ పండగానే తాజాగా విత్తి, బయటే ఉంచి, వెచ్చని వారాలూ ఆ పైన చలికాలమూ గడవనిస్తే వసంతంలో మొలకలు కనిపిస్తాయి. ఆ మొలక పూసే మొక్క కావడానికి మరికొన్నేళ్ళు పడుతుంది.